పదకొండో షరతు

ఆ రోజుల్లో ఇంటికి కంప్యూటర్ రావడమంటే కొత్త అల్లుడు రావడమే. దానికి విడిగా ఒక గది, ఆ గదిలో ఇంట్లోకల్లా మంచి ఫ్యాను, ఆ ఫ్యాను గాలి తగిలేచోట అది, తగలనిచోట మనం. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లేవాళ్లం. పని కాగానే దుమ్ము పడకుండా తెల్లటి గుడ్డ కప్పేవాళ్లం. (దుమ్ముతో పాటు దిష్టి కూడా తగులుతుందని మా అత్తయ్య ఆ గుడ్డ మూలకి ఒక నల్లపూస కుట్టింది.) ఇప్పుడు నా చొక్కా జేబులో ఉన్న ఫోను దానికంటే ఎన్నో రెట్లు తెలివైనదట. దాన్ని బస్సుల్లో జారవిడుచుకుంటాను, భోజనం చేస్తూ ఎడం చేత్తో గీకుతాను, నాలుగు రోజులకోసారి అది చాంతాడంత షరతుల పట్టీ చూపించి ఒప్పుకుంటావా అని అడిగితే ఒక్క ముక్క చదవకుండా ఒప్పుకుంటాను. అలా ఒప్పుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది. ఎందుకంటే నా జీవితంలో మొట్టమొదట ఎదురైన అలాంటి పట్టీ చదవడానికి ఒక పూట పట్టింది, నలుగురు మనుషులు కూర్చోవలసి వచ్చింది, లెక్కలేనన్ని గ్లాసుల కాఫీ అయింది, చివరికి నా పరువు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీలో లెక్కల పేపరు రెండుసార్లు తప్పి మూడోసారి ఎలాగో గట్టెక్కి, విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడ మెట్ల కింద నడిచే సెంటర్‌లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేశాను. మా నాన్నగారికి మైలవరంలో ఎరువుల కొట్టు ఉండేది. ఆయన దృష్టిలో నా చదువంతా యూరియా బస్తాల మధ్య కూర్చోవడానికి ముందు నేను పెడుతున్న పేచీ. నాకేమో ఆ కొట్టు వాసన తలుచుకుంటేనే తలనొప్పి. అలాంటి సమయంలో మంగళగిరి మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, నన్ను ఆదుకున్నాడు. ఆయన నేతగాళ్లకి నూలు, జరీ ఇచ్చి చీరలు నేయించి అమ్మేవాడు. చీర అంచులో పువ్వో మామిడి పిందో రావాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపుతూ గీయాలి. ఆ గీసే పెద్దాయనకి కళ్లలో శుక్లాలు వచ్చాయి. "ఇప్పుడు అదంతా కంప్యూటర్‌లో గీస్తున్నారంట బావగారూ, వాణ్ణి నా దగ్గరికి పంపండి" అని మావయ్య కబురు పెట్టాడు. నాన్నగారు ఆర్నెల్ల గడువు ఇచ్చారు. పనికొస్తే మంగళగిరి, పనికిరాకపోతే ఎరువుల కొట్టు. ఇందులో మూడో దారి లేదని నాకు బస్సు ఎక్కించేటప్పుడు కూడా మరోసారి చెప్పారు.

కంప్యూటర్ కొనడానికి విజయవాడ వెళ్లింది నేనే. అక్కడ ముక్కలు ముక్కలుగా తెచ్చి కంప్యూటర్ కూర్చి ఇచ్చే ఒకాయన ఉండేవాడు, అందరం అసెంబ్లింగ్ అన్న అనేవాళ్లం. "అన్నీ వేసి ఇస్తా తమ్ముడూ, నీకేం కావాలో చెప్పు చాలు" అన్నాడు. అంచుల డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కావాలన్నాను. సొరుగులోంచి ఒక సీడీ తీసి, దానిమీద స్కెచ్ పెన్నుతో వంకర అక్షరాల్లో పేరు రాసి ఇచ్చాడు. మాకు అప్పట్లో సాఫ్ట్‌వేర్ కొనడం అనే మాటే వింత. కూరగాయలు కొంటే కరివేపాకు ఊరికే వేసినట్టు, కంప్యూటర్ కొంటే సాఫ్ట్‌వేర్ ఊరికే వేసేవాళ్లు. ఎవరైనా కరివేపాకుకి బిల్లు అడుగుతారా?

మా మావయ్య అడిగాడు. "ఒరేయ్, ఇది అసలుదేనా, డూప్లికేటా?" అన్నాడు పెట్టె విప్పుతూనే. ఆయన ఆ ప్రశ్న వేయడానికి కారణం ఉంది. ఆయన నేయించిన అంచునే మరమగ్గాల మీద గంటకింతని దించి, దానికి చేనేత అని చీటీ అంటించి, సగం ధరకి అమ్మేవాళ్లు ఊళ్లూళ్లా తయారయ్యారు. అలాంటి చీర ఎక్కడ కనిపించినా ఆయన కొసని బొటనవేలితో ఒకసారి రుద్ది, నిజం తెలుసుకుని, ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు. నిజం చెప్పడానికి నాకు అది మంచి అవకాశమే. కానీ ఇరవై రెండేళ్ల వాణ్ణి, కోర్సు చేసి వచ్చినవాణ్ణి, "ఏమో మావయ్యా, నాకు తెలీదు" అనడానికి నోరు రాలేదు. "ఒరిజినలే మావయ్యా, కంపెనీ నుంచి వచ్చింది" అన్నాను. అన్నాక ఆ స్కెచ్ పెన్ను రాత చూసి భయం వేసింది. మర్నాడు పనుందని విజయవాడ వెళ్లి, కలర్ ప్రింట్లు తీసే షాపులో బంగారు రంగు అంచుతో గుండ్రంగా ఒక లేబుల్ వేయించి, జిగురు రాసి సీడీకి అంటించాను. అది తప్పని ఆ క్షణంలో అనిపించలేదు. నీట్‌గా వచ్చిందనిపించింది.

ఇక ఆ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే రోజు వచ్చింది. మావయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సీడీ లోపల గిర్రున తిరిగింది, తెర మీద ఇంగ్లీషులో పెద్ద పట్టీ ఒకటి వచ్చింది, అడుగున ‘ఒప్పుకుంటున్నాను’ అని అర్థం వచ్చే బటన్ ఉంది. నేను అలవాటుగా నొక్కబోయాను. మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం రాశాడు?"

"ఏదో రాస్తాడు మావయ్యా. అందరూ నొక్కేస్తారు."

"ఒప్పుకున్నానని నొక్కేది మనం. ఏం ఒప్పుకున్నామో తెలియొద్దా? అదేం పద్ధతిరా?"

మా మావయ్య పద్ధతి ఏమిటో ఇక్కడ చెప్పాలి. కొత్త నేతగాడు ఎవరైనా ఆయన దగ్గర పని తీసుకునేటప్పుడు కాగితాలు, సంతకాలు ఉండేవి కావు. ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి వసారాలో చాప వేసి కూర్చోబెట్టి, షరతులన్నీ అందరికీ వినపడేలా పైకి చెప్పేవాడు. చీర పొడుగెంత, అంచు వెడల్పెంత, రంగు దిగితే ఎవరిది తప్పు, వానాకాలం మగ్గం గుంటలోకి నీళ్లొస్తే ఎన్నాళ్లు ఆగాలి, అన్నీ. నేతగాడు "ఒప్పుకున్నానండీ" అనేవాడు, మావయ్య "నేనూ ఒప్పుకున్నాను" అనేవాడు. తాంబూలం, కాఫీ. అంతే. పాతికేళ్లలో ఒక్క పేచీ రాలేదని ఆయన గర్వం. కాబట్టి ఈ కంపెనీతో కూడా అలాగే జరగాలన్నాడు. మర్నాడు పొద్దున పది గంటలకి కంప్యూటర్ గదిలో చాప పరిచారు.

వచ్చిన పెద్దమనుషులు ఇద్దరు. ఒకరు వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు, ఆయన్ని అందరూ పెద్దమగ్గం అనే పిలిచేవారు. రెండోవారు టెలిగ్రాం తాతయ్య. తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లకి పైగా పనిచేసి రిటైరయ్యారు, వీధి మొత్తానికి ఇంగ్లీషు ఆయనదే. ఆయన రాకతో నా ఎత్తు పారదని తెలిసింది. ఎందుకంటే పట్టీని తెలుగులో చెప్పేది నేనే అయితే, వద్దనుకున్న ముక్కలు మింగేయవచ్చు. ఆయన పక్కన ఉంటే మింగడం కష్టం. పైగా ఆయనది ఇంకో అలవాటు. ఎంత పొడుగు ఇంగ్లీషునైనా నాలుగు మాటల్లోకి కుదించి, తంతిలో వాక్యం అయిందని పెట్టినట్టు చివర స్టాప్ పెట్టేవారు. ఇంట్లో కూడా అంతే. "ఆకలి. వడ్డించు. స్టాప్."

అందరూ కూర్చున్నాక మావయ్య చుట్టూ చూసి, "అవతలి పార్టీ ఏది?" అన్నాడు.

"రారు మావయ్యా. వాళ్లు రాసి పంపిస్తారంతే."

"రానివాడితో ఒప్పందమేందిరా?"

కాసేపు తర్జనభర్జన అయింది. చివరికి కంప్యూటర్ పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసి, కంపెనీవాళ్లు అక్కడ కూర్చున్నట్టే అనుకుందామని పెద్దమగ్గం తీర్పు చెప్పారు. అత్తయ్య కాఫీలు తెచ్చి, కుర్చీ ముందు కూడా ఒక గ్లాసు పెట్టింది. (అది వృథా పోతుందని అర్ధగంట తరువాత పెద్దమగ్గమే కంపెనీ తరఫున తాగేశారు.)

మొదటి షరతు తెర మీద సగం వరకూ ఉంది. నేను నీళ్లు నములుతుంటే టెలిగ్రాం తాతయ్య కళ్లజోడు సవరించుకుని చదివి, తేల్చేశారు. "కొన్నావు. నీది కాదు. వాడుకో. స్టాప్."

మావయ్య ముఖం ఎర్రబడింది. "అదెట్లా కుదురుద్ది బాబాయ్? డబ్బు పోసి తెచ్చుకున్నాక నాది కాదా? రేపు నేను చీర అమ్మి, అమ్మా ఇది నీది కాదు, కట్టుకోడానికి ఇచ్చానంతే అంటే, ఆవిడ మొహాన కొట్టదూ?"

"కొడుతుంది" అన్నారు పెద్దమగ్గం.

నాలుగో షరతు: "పనిచేస్తుందని మాటివ్వం. చెడితే మాకు తెలియదు. స్టాప్." దీనికి మావయ్య లేచి నిలబడ్డాడు. రంగు దిగితే రెండేళ్ల తరువాత తెచ్చినా చీర మార్చి ఇచ్చే మనిషి ఆయన. ఇంత పెద్ద కంపెనీ, మాట కూడా ఇవ్వదా? ఏడో షరతు: "తగువొస్తే మా ఊరు రా. స్టాప్." ఆ ఊరు ఎక్కడని పెద్దమగ్గం అడిగారు. సముద్రం అవతల అన్నాను. బస్సు ఉండదన్నమాట అని ఆయన నిట్టూర్చారు. ఈ లెక్కన పదిహేను షరతుల్లో ఒక్కటీ ఒప్పుకునేలా లేడు మావయ్య, ఇంతటితో లేచిపోతారు, నేను బతికిపోతాను అని లోపల సంబరపడ్డాను. పది అయింది. పదకొండోది ఏమిటో నాకు తెలుసు. పొద్దున్నే లేచి దొంగతనంగా చదువుకున్నాను. మౌస్‌ని గట్టిగా కిందికి లాగి పన్నెండు దగ్గర ఆపాను.

"ఆగు అబ్బాయ్" అన్నారు టెలిగ్రాం తాతయ్య. "పదకొండు వదిలేశావు."

వెనక్కి జరిపాను. తాతయ్య పెదవులు కదుపుతూ చాలాసేపు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నకలు తీయకూడదు. తీస్తే నేరం. తెలిసి వాడినా నేరం. జరిమానా. జైలు. స్టాప్."

నా వీపు మీద చెమట ఒక చుక్క తీరిగ్గా కిందికి దిగుతోంది. మావయ్య తెరవైపే చూస్తున్నాడు. ఆ తరువాత తొడ చరిచి, "శభాష్!" అన్నాడు.

నాకేమీ అర్థం కాలేదు.

"ఇది రాసినవాడు మగ్గం ఎరిగినవాడు బాబాయ్! చూశావా, చేసినవాణ్ణే కాదు, తెలిసి వాడినవాణ్ణి కూడా పట్టుకుంటున్నాడు. మనకి కావలసింది ఇదే గదా! ఇన్నాళ్లూ మన నేతగాళ్ల సొసైటీలో ఒక్కడికన్నా ఈ ఆలోచన వచ్చిందా?" ఆ ఒక్క షరతు కోసం మిగతా పద్నాలుగూ కళ్లు మూసుకుని ఒప్పుకుంటానన్నాడు. దాన్ని నేను తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వాలట, ఫ్రేము కట్టించి తన చీరల కొట్లో తగిలిస్తాడట, వచ్చే నెల సొసైటీ మీటింగులో తాతయ్య చదవాలట. నేను దొరికిపోలేదు. ఎవరికీ నా మీద అనుమానం లేదు. హాయిగా ఊపిరి పీల్చుకోవలసిన సమయం. కానీ ఆయన ఆ సంతోషం చూస్తుంటే, దొరికిపోయినా ఇంత కష్టంగా ఉండదేమో అనిపించింది.

"ఆ సీడీ తియ్యరా. అసలు సరుకు ఎట్లా ఉంటుందో వీళ్లూ చూస్తారు" అన్నాడు మావయ్య.

తీసి ఇచ్చాను. ముందు టెలిగ్రాం తాతయ్య మెరిసే వైపు తిప్పి తన మీసం చూసుకున్నారు. పెద్దమగ్గం దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, చీర చూసినట్టు రెండు వైపులా చూసి, కొంచెం వాసన కూడా చూశారు. చివరికి అది మావయ్య చేతికి వెళ్లింది. ఆయన బొటనవేలు లేబుల్ మీద తిరిగింది. అంచు దగ్గర, జిగురు సరిగా అంటనిచోట, ఆగింది. ఇంకోసారి రుద్దింది. నేను చూశాను. ఆయన ముఖంలో వెలుగు తగ్గడం కూడా చూశాను.

మావయ్య సీడీని జేబులో పెట్టుకుని గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. "అయ్యో, ఇవాళ అష్టమి. ఒప్పుకోళ్లు పెట్టుకోకూడదు. ఇంకో రోజు చూద్దాంలే అన్నా" అన్నాడు పెద్దమగ్గంతో.

"అష్టమి నిన్ననే వెళ్లిపోయిందిగా!" అంది అత్తయ్య వంటింట్లోంచి.

"నీకు తెలీదు, నువ్వు ఊరుకో" అన్నాడు మావయ్య. పెద్దమనుషులు లేచారు. తాతయ్య నా భుజం తట్టి, "మంచి షరతు. స్టాప్" అని చెప్పులు వేసుకున్నారు.

మధ్యాహ్నం మావయ్య నాతో మాట్లాడకుండా అన్నం తిని కొట్టుకి వెళ్లిపోయాడు. ఆయనకి తెలిసిందా, తెలియలేదా? తెలిస్తే నాన్నగారికి ఫోను చేస్తాడా, పోలీసులకి చేస్తాడా? (ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ జైలు అన్న మాటని నేను నిజంగానే నమ్మాను. సముద్రం అవతలి కంపెనీవాళ్లు నా కోసం మంగళగిరి బస్టాండులో దిగుతారనుకున్నాను.) సాయంత్రం నాలుగింటికి సంచి తీసి రెండు జతల బట్టలు, దుప్పటి, పళ్లపొడి సర్దుకున్నాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎక్కడికిరా?"

"జైలుకో, మైలవరానికో తెలీదు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ సంచిలోకి తొంగి చూసి, "ఏదైనా సరే, పెసరట్లు వేస్తున్నా, తిని వెళ్లు" అంది. పెసరట్టు తింటూ ఆవిడకి మొత్తం చెప్పేశాను. ఆవిడ ఇంకో అట్టు వేసి, "నాకు చెప్పి ఏం లాభం? వెళ్లి ఆయనకి చెప్పు. చేతులు కడుక్కుని వెళ్లు" అంది.

కొట్లో ఎవరూ లేరు. మావయ్య చీరలు మడత పెడుతున్నాడు. సీడీ గల్లాపెట్టె మీద ఉంది. నేను ఎన్నో మాటలు కూర్చుకుని వెళ్లాను గానీ అక్కడికి వెళ్లాక ఒక్కటే వచ్చింది. "అది ఒరిజినల్ కాదు మావయ్యా."

"తెలుసు. నువ్వు చెబుతావా లేదా అని చూస్తున్నా" అన్నాడు, మడత ఆపకుండానే. చేతిలో చీర పక్కన పెట్టి, "ఆ కాయితం ఎవరు అంటించారు?" అన్నాడు.

"నేనే."

"సీడీ ఇచ్చినవాడు కాదా?"

"కాదు. నేనే ప్రింటు తీయించి అంటించాను."

"వాడు ఇచ్చాడు, నువ్వు తెచ్చావు, లోకమంతా అట్లానే వాడుతోంది. అంతవరకూ ఏదోలే అనుకుంటా. కాయితం అంటించావు చూడు, అది నాకు గుచ్చుకుందిరా. మన చీరలకి వాళ్లు అంటించేదీ ఆ కాయితమే."

నేను ఏడ్చాను. దాచడానికి ఏమీ లేదు, చీరల కొట్లో నిలబడి, ముక్కు చీదుకోవడానికి కూడా అన్నీ ఖరీదైన గుడ్డలే ఉన్నచోట, ఏడ్చాను. మావయ్య తన భుజం మీది తువ్వాలు విసిరాడు. అప్పుడు చెప్పాడు ఆ కథ.

"నీ వయసులో బాపట్ల దగ్గర ఒక పెళ్లికి వెళ్లా. ఒకావిడ కట్టిన చీర అంచు చూశా, మతిపోయింది. పోగులు లెక్కపెట్టుకోవాలి గదా, ఎట్లా? వడ్డిస్తానని సాంబారు బకెట్టు పట్టుకుని ఆవిడ కూర్చున్న వరసలోనే తిరిగా. నాలుగోసారికి ఆవిడ విస్తట్లో అన్నం లేదు, సాంబారే ఉంది. వాళ్లాయన లేచి నా కాలర్ పట్టుకున్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"అంచు చూస్తున్నానండీ అన్నా. నమ్మలా."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ అంచు నేసి నాలుగు నెలలు అమ్మాడట, నాదే అని చెప్పి. బాగా పోయిందట, కానీ ఎవరైనా మెచ్చుకుంటే ముద్ద దిగేది కాదట. చివరికి ఆ చీర నేసింది ఎవరో ఆరా తీసి, చీరాల వెళ్లి, ఒక ముసలాయన ముందు నిలబడి చెప్పేశాడు. ఆ ముసలాయన కోప్పడి, మజ్జిగ ఇచ్చి, "నేసుకోరా. కానీ అడిగినవాళ్లకి నాదని చెప్పు" అన్నాడట. అందుకే మా కొట్లో అన్ని అంచులకీ పువ్వుల పేర్లో పళ్ల పేర్లో ఉంటే, ఆ ఒక్కదాన్ని మాత్రం ‘చీరాల పెద్దాయన అంచు’ అంటారని నాకు ఆ సాయంత్రం తెలిసింది.

"పొద్దున్నే బెజవాడ పోదాం. అసలుది ఎంతో అడుగుదాం" అన్నాడు మావయ్య.

మర్నాడు బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. బస్సు బ్యారేజీ ఎక్కింది, కృష్ణ మీంచి గాలి కొడుతోంది. నాకు మనసు తేలికపడి, ఉన్నదంతా చెప్పేయాలన్న ఉత్సాహం పుట్టింది.

"మావయ్యా, ఇంకో సంగతి. ఆ డిజైన్లది ఒక్కటే కాదు. కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు వచ్చేది ఉంటుంది చూడు, అదీ అంతే."

"అదీనా?"

"ఉత్తరాలు రాసేది. తెలుగు అక్షరాలు. పాటలు వినేది. అన్నీ ఊరికే వేసినవే."

మావయ్య కిటికీలోంచి నది వైపు చూస్తూ ఆలోచించాడు. నేను పని ఆపి కాసేపు ఊరుకుంటే కంప్యూటర్ తెర మీద నీళ్లు, ఆ నీళ్లలో రంగురంగుల చేపలు ఈదేవి. మావయ్యకి అవంటే ప్రాణం. కొట్టు నుంచి రాగానే వాటి ముందు కూర్చుని, ఆ పసుపు రంగుది ఇవాళ రాలేదేంటి అని అడిగేవాడు.

"చేపలు కూడానా?" అన్నాడు మెల్లిగా.

"చేపలు కూడా మావయ్యా."

ఆయన నా ముఖం చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా, బస్సులో వాళ్లంతా వెనక్కి తిరిగి చూసేలా నవ్వాడు. కండక్టర్ కూడా వచ్చి ఏమైందండీ అని అడిగాడు. "ఏం లేదు బాబూ, మా ఇంట్లో దొంగ చేపలు ఉన్నాయి" అని మళ్లీ నవ్వాడు. రెండు రోజులుగా నా గుండె మీద కూర్చున్నది ఏదో అక్కడే, నది మధ్యలో, దిగిపోయింది. ఆ నవ్వు విన్నాక నాకు జైలు భయం మళ్లీ రాలేదు.

అసలు సాఫ్ట్‌వేర్ ధర వినగానే మావయ్య అసెంబ్లింగ్ అన్న షాపులో కుర్చీ అడిగి కూర్చున్నాడు. రెండు మగ్గాలు పెట్టించవచ్చు దానితో. మంచినీళ్లు తాగి, "అయితే ఈ సీడీ నువ్వే తీసుకో బాబూ. కొనగలిగినప్పుడు కొంటా" అన్నాడు. అసెంబ్లింగ్ అన్న నోరు తెరిచాడు. "వేయమని వస్తారండీ అందరూ. తిరిగిచ్చేయడానికి వచ్చింది మీరొక్కరే" అన్నాడు. మిగతావాటి సంగతి అడిగితే ఒక్కొక్కటే చూద్దామన్నాడు మావయ్య. (కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు వచ్చేది ఆ దసరాకి కొన్నాం, దానితో చేపలూ అసలువే వచ్చాయి. డిజైన్లది కొనడానికి ఏడాదిన్నర పట్టింది. అందాకా ఆ శుక్లాల పెద్దాయన పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే గళ్ల కాగితం మీద చేత్తోనే గీశాను. ఈ రోజుకీ నాకు తెలిసిన పని అక్కడ నేర్చుకున్నదే.)

తిరుగు బస్సు ఎక్కే ముందు బస్టాండులో నిలబడి టీ తాగాం. మావయ్య గ్లాసు చేత్తో పట్టుకుని, వసారాలో నేతగాళ్లతో మాట్లాడే గొంతుతో అన్నాడు. "నాది ఒకటే షరతు. తెలిస్తే తెలుసను. తెలియకపోతే తెలీదను. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను మావయ్యా."

"నేనూ ఒప్పుకున్నా." అని గ్లాసు పెట్టేసి, పక్కనే ఉన్న ఫోను బూత్‌లోకి వెళ్లాడు. నేను అద్దం తలుపు బయట నిలబడ్డాను. అవతల నాన్నగారి గొంతు నాక్కూడా వినపడుతోంది, ఎరువుల కొట్లో అలవాటైన గొంతు. "ఎలా ఉన్నాడు? పనికొస్తాడా, లేక పంపించేస్తావా?"

మావయ్య నా వైపు చూడలేదు. "కంప్యూటర్ సంగతి ఇంకా తేలలేదు బావగారూ. వాడు మాత్రం నా దగ్గరే ఉంటాడు" అన్నాడు. నేను తువ్వాలు వెతుక్కున్నాను, కానీ అది ఆయన భుజం మీదే ఉంది.

అలా ఉండిపోయినవాణ్ణి ఇప్పటికీ మంగళగిరిలోనే ఉన్నాను. మావయ్యకి ఇప్పుడు ఎనభై దాటాయి, చేతిలో ఫోను ఉంది. అది కొత్త షరతులు చూపించినప్పుడల్లా ఎవరో ఒకరిని కూర్చోబెట్టి మొత్తం చదివించుకుంటాడు. రెండు నచ్చక ఒప్పుకోలేదట, అందుకని దాన్లో సగం పనిచేయవు. నాది అన్నిటికీ ఒప్పుకుని హుషారుగా తిరుగుతోంది. ఆ ఇరవై రెండేళ్ల వెర్రివాడు, పళ్లపొడి సర్దుకుని జైలుకి బయల్దేరినవాడు, గుర్తొస్తే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. వాడికున్న భయంలో పావు వంతు కూడా నాకిప్పుడు లేదు. మొన్న వసారాలో కూర్చుని ఉండగా నా ఫోను మళ్లీ అడిగింది, నా బొటనవేలు మళ్లీ నొక్కేసింది. మావయ్య పడక్కుర్చీలోంచి చూశాడు.

"ఏం రాశాడురా?"

"తెలీదు మావయ్యా. చదవలేదు."

ఆయన తల ఊపి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లలో నేను ఒప్పుకుని, తప్పకుండా నిలబెట్టుకుంటున్నది ఆ బస్టాండు షరతు ఒక్కటే.